టైలు ముక్కలు, పెడన గుడ్డ

మే 5, ఆదివారం

బాత్రూమ్ పని ఇవాళ్టితో అయింది. తెల్లటి గోడ టైల్స్ కాసిని మిగిలాయి. మేస్త్రీ వాటిని బస్తాలోకి తోసేస్తుంటే ఆపి, టీ గ్లాసుల కింద పెట్టుకోడానికి నాలుగంగుళాల చదరాలుగా కోసిమ్మన్నాను. "ఇంతింత ముక్కలు ఏం చేసుకుంటారమ్మా?" అంటూనే కట్టర్ మీద గీత లాగి టక్కున విరిచాడు. నేలకి వేసే విట్రిఫైడ్ అయితే ఇంత తేలిగ్గా లొంగదట. కోసిన అంచులు బ్లేడులా ఉన్నాయి. ఉప్పుకాగితం తడిపి అరగదీశాను. తడిపితే దుమ్ము లేవదు.

మే 7

వీటి మీద రంగులు వేసే ఉద్దేశం లేదు. నున్నటి గ్లేజు మీద అక్రిలిక్ నిలవదు, గోరు తగిలితే పొరలా లేస్తుంది. బీరువాలో పెడన కలంకారీ పేలికలున్నాయి, జాకెట్లు కుట్టించగా మిగిలినవి. ఇది అచ్చులతో అద్దింది. శ్రీకాళహస్తిది కలంతో గీసిందైతే కత్తెర పెట్టడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. పాతకాలపు పద్ధతిలో అయితే నలుపు కోసం ఇనుప తుక్కూ బెల్లమూ నీళ్లలో వారాల తరబడి పులియబెడతారు. రంగు పాకకుండా గుడ్డని ముందే కరక్కాయ, గేదెపాలలో ముంచుతారు. ఇంత చాకిరీ చేసిన గుడ్డ, పోయి పోయి టీ గ్లాసు కిందకి!

పెద్ద నెమళ్లు చదరంలో ఇమడవు, మెడ దగ్గరే తెగిపోతాయి. అంచు లతలే నయం.

మే 8

టైలు సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి పూశాను. గుడ్డ పరిచి, పాత ఏటీఎం కార్డుతో మధ్య నుంచి అంచులకి నొక్కుతూ పోతే గాలి బుడగలు పక్కకి తప్పుకుంటాయి. పైన ఇంకో పూత. ముందు పాలు ఒలికినట్టు తెల్లగా కనిపించింది. సాయంత్రానికి ఆ తెలుపు పోయి లత బయటపడింది. అయితే ఫెవికాల్ ఒక్కటే చాలదు, తడి తగిలితే మళ్లీ తెల్లబడుతుంది.

మే 12, ఆదివారం

ఒకదాని మీద రెసిన్ పోశాను, ఇంకోదానికి చెక్కకి వేసే పీయూ వార్నిష్ పల్చగా రెండు పూతలు. రెసిన్‌ది అద్దంలా ఉంది, చూసినవాళ్లందరి ఓటూ దానికే. పొగలు కక్కే టీతో స్టీలు గ్లాసులు రెండిటి మీదా పెట్టాను. రెసిన్ మీద గుండ్రంగా మచ్చ పడింది. మామూలు రెసిన్ యాభై అరవై డిగ్రీలకే మెత్తబడుతుంది. మన టీ అంతకంటే వేడి. వార్నిష్ ముక్కకి ఏమీ కాలేదు.

తర్వాత ఐసు వేసిన మజ్జిగ. చెమ్మ దిగగానే రెసిన్ ముక్క గ్లాసు అడుగుకి అతుక్కుని దాంతోపాటే లేచింది. వార్నిష్‌ది లేవలేదు. పూత పల్చన కాబట్టి గుడ్డ నేత గరుకు చేతికి తెలుస్తోంది, గ్లాసుకి పట్టు చిక్కడం లేదు. మిగతావన్నీ వార్నిష్‌తోనే.

మే 14

కుర్చీ కాళ్లకి అంటించే ఫెల్టు బిళ్లలు అడుగున నాలుగు మూలలా వేశాను, టీపాయ్ అద్దం గీసుకుపోకుండా. అత్తయ్యగారు ఒకటి తీసుకుని తిప్పి చూసి, "బానే ఉన్నాయి గానీ, కూర గిన్నె దింపుకోడానికి ఓ పెద్ద టైలు ఉంచావా?" అన్నారు. పొయ్యి మీంచి దించిన గిన్నెకి వార్నిష్ ఆగదు. ఆవిడకి కోయని టైలొకటి, గుడ్డా గిడ్డా లేకుండా, కింద బిళ్లలు మాత్రం వేసి ఇచ్చేశాను.