అరకుదారికి అమర్చుకొన్న సైకిలు

పర్యటనకు సైకిలు చేయించుకొనుట ఇల్లు కట్టించుకొనుటవంటిది. నేలను చూడక పునాది త్రవ్వించరాదు. దారిని చూడక సైకిలు భాగముల నెన్నుకొనరాదు. మేము ఎన్నుకొన్న దారి విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవునది. దాని పొడవు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోటవరకు చాలవరకు మైదానము. ఆపైన అనంతగిరి కొండదారి. సముద్రపుటొడ్డున బయలుదేరినవారు 900 మీటర్లకు పైబడిన యెత్తున నున్న లోయను చేరవలెను.

“అంత కొండను ఆడుది త్రొక్కగలదా?” యని మా అత్తగారు సందేహించిరి. బడిపంతులుగారి జీతమున రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో రెండు సైకిళ్లు కావలెను. అందు మాది గోడకు చేరబడియుండినచో అత్తగారి మాటయే నిజమగును. కావున ఒక్కొక్క భాగమును విచారించియే తీసికొంటిమి.

మొదటిది ఫ్రేము. అంగళ్లలో మాకు చూపినవి రెండే రకములు: పురుషుల యొడ్డుపొడుగులకు కుదిరిన పందెపుబండ్లు, ముందు బుట్ట కట్టిన ఆడువారి బండ్లు. అందుచేత కాలిపొడవు, చేతిపొడవు కొలిపించి, క్రోమియము, మాలిబ్డినము కలిసిన ఉక్కుగొట్టములతో ఫ్రేము కట్టు పనివానికి ఒప్పగించితిమి. అల్యూమినియము తేలికయే, కాని ఉక్కు విరిగినచో అతుకువేయువాడు చిన్న యూళ్లలోను దొరకును. సీటునకును హ్యాండిలుకును నడుమ దూరము తగ్గించుటచే మాకు భుజములు లాగుట తప్పినది.

సీటు సంగతి స్త్రీలు మరింత జాగ్రత్తగా చూడవలెను. కూర్చుండునపుడు బరువు మోయు ఎముకల నడిమి దూరము సాధారణముగా మనకు హెచ్చు. కావున సీటు వెనుకభాగము వెడల్పుగా నుండవలెను. మరీ మెత్తని సీటు గంటసేపు సుఖమిచ్చి, పిమ్మట ఒరపిడి పెట్టును. గట్టి తోలుసీటు వాడుకలో ఒంటికి అమరును. టైర్లు 38 మిల్లీమీటర్ల వెడల్పువి వేయించితిమి. సన్నని టైరులో గాలి గట్టిగా నింపవలెను. అపుడు ప్రతి గులకరాయియు నడుమును పలుకరించును.

ఇక గేర్లు. సోదరీమణులారా, కొండ నెక్కించునది ఇదియే. ముందు 44, వెనుక 18 పండ్లున్న సాధారణపు బండి, పెడలు ఒకచుట్టు తిరిగినంతలో సుమారు అయిదున్నర మీటర్లు సాగును. మైదానమున నది మేలే. కొండమీద మోకాళ్లకు శత్రువు. మేము అన్నింటికంటె చిన్నగేరు ముందు 26, వెనుక 34 పండ్లుగా అమర్పించితిమి. అపుడు ఒకచుట్టునకు సాగునది సుమారు 1.7 మీటర్లు మాత్రమే. నిమిషమునకు 60 చుట్లు త్రిప్పినచో గంటకు 6 కిలోమీటర్లు పోవచ్చును. నడకకంటె కొంచెమే హెచ్చు. కాని ఊపిరి మిగులును.

చిన్నగేరును వేళాకోళము చేయుట క్రొత్త గాదు. ఫ్రాన్సుదేశమున సెంత్ ఎతియెన్ నగరమున నుండిన పాల్ ద వివీ 1887లో సైకిలుపత్రిక నొకదానిని స్థాపించి, ‘వెలోసియో’ యను కలముపేరుతో గేర్ల పక్షమున వాదించెను. పందెగాండ్రు పెక్కురు నవ్విరి. 1902లో అచ్చటి పర్యాటకసంఘము జరిపిన కొండపరీక్షలో మార్త్ హెస్ యను స్త్రీ మూడుగేర్ల బండిపై, ఒక్కగేరు బండి నెక్కిన ఎదువార్ ఫిషర్ అను పందెగానిని మించెనని చెప్పుదురు. అయినను తూర్ ద ఫ్రాన్సు పందెమున వృత్తిపందెగాండ్రకు గేరుమార్పు యంత్రము 1937లోగాని అనుమతింపబడలేదు. ముప్పదియైదేండ్లు నిజమును ఒప్పుకొనని గర్వమును తలచుకొని మేము నవ్వుకొంటిమి.

వెనుకచక్రమునకు 36 స్పోకులు వేయించితిమి. క్యారియరుకు ఇరుప్రక్కల వ్రేలాడు సంచుల బరువు అధికముగా దానిపైననే పడును. రథపుటిరుసు శీల ఊడగా కైక తన వ్రేలుంచి దశరథుని కాపాడెనని పెద్దలు చెప్పుదురు. మనకట్టి వరములు వలదు. చక్రము గట్టిదైన చాలును.

శృంగవరపుకోటలో రాత్రి నిలిచి తెల్లవారుజామున ఘాటు నెక్కనారంభించితిమి. సిల్వర్ ఓకు చెట్ల నీడను కాఫీతోటలు, చెట్లనల్లుకొన్న మిరియపుతీగెలు. మలుపు వెనుక మలుపు. చిన్నగేరున మాటలాడుకొనుచునే సాగితిమి. గోస్తనీనది పుట్టిన ఆ కొండలలో బొర్రాకు చీలు దారివద్ద ఫలహారము చేసి, సాయంకాలమునకు లోయ చేరి అత్తగారికి ఫోను చేసితిమి.

“దిగి నడిచితిరా?” యని అడిగిరి.

“లేదండీ అత్తయ్యగారూ, త్రొక్కియే వచ్చితిమి.”

ఆమె క్షణమాగి, “అయితే వచ్చునపుడు బ్రేకు చూచుకొనుడమ్మా” యనిరి.

ఆమె చెప్పినది ముఖ్యమైన మాటయే. దిగునపుడు విడువక నొక్కిపట్టిన బ్రేకు కాగిపోవును. వేగము హెచ్చినపుడెల్ల గట్టిగా నొక్కి, మరల విడుచుచుండవలెను. మేము డిస్కుబ్రేకులు వేయించితిమి. వర్షమున తడిసిన చక్రపుటంచుతో వానికి పనిలేదు. అందును నూనెతో పనిచేయునవి మాని, తీగెతో లాగునవి తీసికొంటిమి. తీగె తెగినచో చిన్న సైకిలుషాపులోను మరియొకటి దొరకును.

సొమ్ము మితమైనచో ముందుగా ఒంటికి కుదిరిన ఫ్రేము, పిమ్మట గట్టి చక్రములు, చిన్నగేరు, నమ్మదగిన బ్రేకులు, సీటు చూచుకొనుడు. రంగు, మెరుగు, పేరుమోసిన ముద్ర మిగిలిన సొమ్ముతో. మా బండ్లకు రంగు ఒక్కపూతయే వేయించితిమి. ఆ మిగిలిన రూపాయలతో అరకులో కాఫీగింజలు కొని తెచ్చితిమి.