మెనూ కార్డులో లేని మూడు ప్రశ్నలు

బెంగళూరు వెళ్ళొచ్చాం అనగానే మా క్లాసులో అందరూ అడిగింది ఒకటే: "బ్రూవరీకి వెళ్ళార్రా?" లాల్‌బాగ్ గురించి ఒక్కడు కూడా అడగలేదు. అందుకే ముందు లాల్‌బాగ్ గురించే చెప్తా. బ్రూవరీ దాకా కాస్త ఆగండి.

మేం నలుగురం. నేను, నా రూమ్మేటు, అక్కడ ఉద్యోగం చేస్తున్న మా పెదనాన్న కొడుకు, అతని ఆఫీసులోనే పనిచేసే ఒక అక్క. అక్కది కోలారు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. ఆ రోజు మా గైడు ఆవిడే.

పొద్దున ఏడింటికల్లా లాల్‌బాగ్‌లో ఉన్నాం. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట. లోపల ఒక పెద్ద బండ ఉంది, దాని వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. పైన కెంపేగౌడ గోపురం. మా రూమ్మేటు ఆ బండ మీద వెల్లకిలా పడుకుని, "మామా, ఇన్నేళ్ళలో దీనికి ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేదు చూడు" అన్నాడు. అక్కడి నుంచి నడుచుకుంటూ మావళ్ళి టిఫిన్ రూమ్స్‌కి వెళ్ళి రవ్వ ఇడ్లీ తిన్నాం. 1924లో పెట్టిన హోటలు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ వేశామని, అలా రవ్వ ఇడ్లీ పుట్టిందని వాళ్ళు చెప్పుకుంటారు.

తర్వాత మెట్రోలో విధానసౌధ. బయటి నుంచే చూశాం. 1956లో పూర్తయిన ఆ తెల్లటి రాతి భవనానికి ఎదురుగా ఎర్రటి హైకోర్టు. దారి పొడుగునా కన్నడ బోర్డులు చదువుకుంటూ పోయాం. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి కదా, తెలుగు ఫాంటు సరిగ్గా లోడ్ కానట్టు కనిపిస్తాయి. నేను ఇంగ్లీష్ మీడియం. తెలుగు చదవడం నాకు బళ్ళో కంటే మా అవ్వ దగ్గరే ఎక్కువ వచ్చింది. అవ్వ మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

కబ్బన్ పార్కు దాటి నడిస్తే యూబీ సిటీ. ఖరీదైన షాపుల మధ్య తిరుగుతుంటే అక్క చెప్పింది, అది ఒకప్పుడు బీరు ఫ్యాక్టరీ ఉన్న స్థలమట. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండ్ ఆయన దక్షిణాదిలోని కొన్ని బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. తెల్ల సిపాయిల కంటోన్మెంటు ఉన్న ఊరు కాబట్టి బీరు ఇక్కడికి ఐటీ కంటే చాలా ముందే వచ్చింది.

సాయంత్రం ఇందిరానగర్. గేటు దగ్గర ఐడీ చూశారు. 21 నిండనివాళ్ళకి అక్కడ బీరు పోయరు. కాబట్టి నాకూ రూమ్మేటుకీ లైమ్ సోడా, అన్నకీ అక్కకీ బీరు. అద్దం వెనక నిలువెత్తు స్టీలు ట్యాంకులు. మెనూ కార్డు చూస్తే మా కెమిస్ట్రీ ల్యాబ్ మాన్యువల్‌లా ఉంది. ఒక్కో బీరుకీ ఆల్కహాల్ శాతం, చేదు ఎంతో చెప్పే నంబరు, రంగు, వాసన. అక్క ఓపిగ్గా వివరించింది. ముఖ్యంగా కావలసినవి నాలుగే: నీళ్ళు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ అనే తీగ పువ్వులు, ఈస్ట్. గోధుమ బీరు గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టింది. అరటిపండు వాసన! అందులో అరటిపండు లేదు, ఆ వాసన ఈస్ట్ తయారుచేసిందే. స్టౌట్‌కి కాఫీ రంగు మాడేదాకా వేయించిన బార్లీ వల్ల వస్తుంది. మా ఊళ్ళో తాటి కల్లుకి ఈస్ట్ ఎవరూ కలపరు, గాల్లో ఉన్నదే వచ్చి చేరి పులియబెడుతుంది. "అయితే అది ఓపెన్ సోర్స్" అన్నాడు రూమ్మేటు.

ఎనిమిదింటికి నా ఫోన్ మోగింది. అవ్వ. రోజూ ఆ టైముకే చేస్తుంది. అన్న మొహం మారిపోయింది. "ఒరే, ఇది మాత్రం చెప్పమాక" అన్నాడు.

ఎందుకో చెప్పాలి. మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి వైపు. మా తాతని మేమెవరం చూళ్ళేదు. సారా తాగి తాగి పోయాడు. ఆయన కూలి డబ్బులతో పాటు అవ్వ కూలి డబ్బులు కూడా సారా కొట్టుకే పోయేవి. ఇంట్లో ఉన్న ఒక్క ఇత్తడి బిందె కూడా అలాగే పోయిందని నాన్న చెప్తాడు. 1990ల మొదట్లో ఊరూరా రాత్రిబడులు పెట్టారు. వాచకంలో సారా మీద ఒక పాఠం ఉండేది, సీతమ్మ కథ. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినిపించింది. మా ఊళ్ళో కొట్టు ముందు అడ్డంగా కూర్చున్నవాళ్ళలో మా అవ్వ ఉంది. 1993 అక్టోబరులో సారాని నిషేధించారు, 1995 జనవరిలో మొత్తం మద్యాన్నే. 1997లో ఆ మద్య నిషేధం ఎత్తేశారు. మా ఇంట్లో మాత్రం ఎత్తలేదు.

"యాడుండావు నాయనా, ఆ సద్దేంది?" అంది అవ్వ. నేను నోరు తెరిచేలోపే అన్న చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. ఏమనిపించిందో మరి.

"అవ్వా, నేను. బీరు తాగతా ఉండా. వాడు తాగలా."

అటువైపు చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత స్పీకర్‌లో అవ్వ గొంతు.

"డబ్బులు ఎవురివి?"

"నాయే."

"ఇంటికి పంపించినాకనేనా?"

"ఒకటో తేదీనే పంపించా."

"ఇంటికెట్టా పోతారు?"

"మెట్రోలో."

"బండి ముట్టుకోమాక." ఫోన్ పెట్టేసింది.

సరే అనలేదు, వద్దనీ అనలేదు. అన్న గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపయ్యాక తాగేశాడు. అక్క మెనూ కార్డు మూసి, "దీన్ని రాసినాయనకి మీ అవ్వను చూపీయాల" అంది.

నాకూ అదే అనిపించింది. తాత తాగినదాంట్లోనూ అన్న తాగినదాంట్లోనూ ఉన్నది ఎథనాలే. సారా బట్టీ పెట్టి దించేది కాబట్టి చాలా ఘాటు, బీరులో ఐదు శాతం దగ్గర. ఆ లెక్కలన్నీ కార్డులో ఉన్నాయి. అవ్వ వాటిలో ఒక్కటీ అడగలేదు. డబ్బులు ఎవరివి, ఇంటికి అందాయా, ఎలా తిరిగొస్తారు అని అడిగింది. తాతని ఈ మూడూ అడిగే వీలు ఆమెకి ఎప్పుడూ దొరకలేదేమో. అన్న ఆ రోజు మూడింటికీ జవాబు చెప్పగలిగాడు. రేపు ఉద్యోగం పోయినా, ఒక గ్లాసు నాలుగైనా జవాబులు మారతాయి. ఆ సంగతి అన్నకీ తెలుసు, అవ్వకి ఇంకా బాగా తెలుసు.

మన హాస్టల్లో శనివారం రాత్రుళ్ళు ఏం జరుగుతాయో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మనం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. డబ్బులు ఎవరివి? మనలో చాలామందికి నాన్న పంపినవే.

బిల్లు అన్న కట్టాడు. మా లైమ్ సోడాలతో కలిపి రెండు వేలు దాటింది. సారా గొడవలనాటికి అవ్వ రోజు కూలి 15 రూపాయలు. భాగహారం మెట్రోలో నేను చేశా, అన్న ఆ అంకె చూసి ఏమీ అనలేదు.

ఇది రాయడం అయ్యాక అన్నకి పంపాను. "పెద్ద అక్షరాలతో ప్రింట్ తియ్యి, ఊరికి పోతా ఉండా, అవ్వకిస్తా" అన్నాడు. సైజు 24 పెట్టి తీశాను. చదివి వినిపించే పని లేదు. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు, ఆమే చదువుకుంటుంది.