ఎంటర్ కొట్టే ముందు

మా ఇంట్లో ఏది చెడిపోయినా ముందు వినపడే మాట "నువ్వేం నొక్కావ్?" మిక్సీ తిరగకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా మావారి ప్రశ్న అదే. "నేనేం నొక్కలేదండీ" అనడం నాకూ అలవాటే. కానీ 2024 మార్చిలో ఒక ఆదివారం మాత్రం నిజంగానే నొక్కాను. ఒకే ఒక్కసారి. ఎంటర్.

కాసేపు ఏవో అక్షరాలు గబగబా పైకి పరుగెత్తాయి. అంతా అయ్యాక లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాను. రోజూ కనపడే బొమ్మలు లేవు, బాణం లేదు. నల్లటి తెర, దాని మీద 'లాగిన్' అనే ఒక్క మాట. అంతే!

అది మావాడి పాత లాప్‌టాప్. ఇంజినీరింగ్‌లో చేరాక వాడికి కొత్తది కొన్నాం. పాతదాంట్లో విండోస్ తెరుచుకునేలోపు కాఫీ కలుపుకుని తాగేసి గ్లాసు కడిగేయొచ్చు. "తెలుగు టైపు చేసుకోవాలిరా, ఏదైనా దారి చూడు" అంటే, సంక్రాంతి సెలవుల్లో దాన్ని మొత్తం తుడిచేసి డెబియన్ వేసి ఇచ్చాడు. లినక్స్‌లో అదొక రకం. డబ్బు కట్టక్కర్లేదు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో ఉచితంగా పనిచేసి తయారుచేస్తారు. 1993లో దీన్ని మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ తను ప్రేమించిన డెబ్రా అనే అమ్మాయి పేరును తన పేరుతో కలిపి డెబియన్ అన్నాడట. ఆవిడ పేరే ముందు! అది వినగానే నాకు దానిమీద కాస్త అభిమానం పుట్టింది.

ఇందులో స్టేబుల్, టెస్టింగ్, అన్‌స్టేబుల్ అని మూడు వరసలుంటాయి. స్టేబుల్ అంటే కట్టడం పూర్తయి, సున్నాలు వేసి, గృహప్రవేశం చేసిన ఇల్లు. అన్‌స్టేబుల్ అంటే ఇంకా మేస్త్రీలు తిరుగుతున్న ఇల్లు. కొత్త సరుకు ముందు అక్కడికే వస్తుంది. పగిలేదీ అక్కడే. డెబియన్‌లో పేర్లన్నీ టాయ్ స్టోరీ సినిమా నుంచి తీసుకుంటారు. అన్‌స్టేబుల్‌కి ఎప్పుడూ ఒకటే పేరు, సిడ్. ఆ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పక్కింటి పిల్లాడు. మావాడు నాకు వేసిచ్చింది ఆ సిడ్‌నే. "అన్నీ కొత్తవి వస్తాయమ్మా" అన్నాడు. వాడు చిన్నప్పుడు ఎన్ని బొమ్మలు విరగ్గొట్టాడో నాకే తెలుసు, అయినా సరే అన్నాను.

మొదట్లో తెలుగు పెట్టుకోవడమే పెద్ద పనైంది. అక్షరాలు అందంగా కనపడాలంటే తెలుగు ఫాంట్లు విడిగా వేసుకోవాలి. వాటిలో పోతన, వేమన అని రెండున్నాయని తెలిసి, బీఏ తెలుగు చదివిన ప్రాణం కదా, పొంగిపోయాను. తర్వాత టైపు చేయడానికి ఐబస్ అనేది పెట్టాడు. అది ఇంటర్నెట్‌లో తెలుగు రాసేది, లిబ్రే ఆఫీసులో మాత్రం ఇంగ్లీషే వచ్చేది. ఐఎమ్ కాన్ఫిగ్ అనే దాంట్లోకి వెళ్లి ఐబస్‌నే వాడమని ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లోపలికి వస్తే గానీ కుదరలేదు. ఆ రోజు సాయంత్రం అన్నం మాడిపోయింది కూడా.

ఇంత తంటా ఎందుకంటే, మా అమ్మ పాటల కోసం. పెళ్లి పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు ఆవిడ నోట్లోనే ఉన్నాయి, ఏ పుస్తకంలోనూ లేవు. ఈమధ్య మర్చిపోతోంది. ఫోన్లో పాడించుకుని అదే రోజు రాత్రి టైపు చేసేదాన్ని. ఒక పాటలో రెండో చరణం సరిగా వినపడక వారం తర్వాత మళ్లీ అడిగితే, "ఆ పాటకి రెండో చరణం ఎక్కడుందే" అంది. ఆ రోజు నుంచి ఒక్క రాత్రి కూడా మానలేదు. అలా నలభై రెండు పాటలయ్యాయి. అన్నీ ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఇంకెక్కడా దాచలేదు.

ఇప్పుడర్థమైంది కదా, ఆ నల్ల తెర చూసి నా కాళ్లెందుకు వణికాయో.

"షాపులో ఇస్తే ఫార్మాట్ చేసి ఇస్తారు, గంట పని" అన్నారు మావారు. ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచేయడమని నాకు తెలుసు. లాప్‌టాప్ ఆయన చేతికివ్వలేదు. హాస్టల్లో నిద్రపోతున్న వాణ్ణి లేపాను.

"ఏముందమ్మా తెర మీద? ఉన్నది ఉన్నట్టు చదువు" అన్నాడు. చదివాను. "భయపడకు, అది చచ్చిపోలేదు. పైపై బొమ్మలు పోయాయంతే, లోపల మనిషి ఉన్నాడు" అన్నాడు. పేరు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టాను. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్క కూడా పడదు, కీబోర్డు పనిచెయ్యట్లేదనుకున్నా. లోపలికి వెళ్లాక "సీడీ స్పేస్ అమ్మ" అన్నాడు. నేను స్పేస్ అనే మాటని అక్షరం అక్షరం టైపు చేశాను. వాడు నవ్వాడు, నాకు ఒళ్లు మండింది.

ఎల్ఎస్ అని కొడితే ఫైళ్ల పేర్లు రావాలి. వచ్చాయి. కానీ అన్నీ గళ్లు గళ్లుగా! ఒక్క తెలుగు అక్షరం లేదు. "పోయాయిరా, అన్నీ పోయాయి" అని ఏడ్చేశాను. వాడు కంగారు పడలేదు. "ఆ నల్ల తెరకి తెలుగు చూపించడం రాదమ్మా. ఒత్తులూ గుణింతాలూ కలపడం దానికి తెలీదు. ఫైళ్లు మాత్రం క్షేమంగా ఉన్నాయి" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు.

పెన్‌డ్రైవ్ పెట్టించాడు. ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొడితే తగిలించి ఉన్న డిస్కులన్నీ, వాటి సైజులూ వస్తాయి. మా 16 జీబీ పెన్‌డ్రైవ్‌ని 14 చిల్లర చూపించింది, అలా గుర్తుపట్టాను. మౌంట్ అనే మాటతో దాన్ని తగిలించి, సీపీతో అమ్మ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, తీసేముందు యూమౌంట్ కొట్టాను. అన్‌మౌంట్ కాదు, మధ్యలో 'ఎన్' ఉండదు. నాలుగుసార్లు తప్పు కొట్టాక తెలిసింది. ఆ పెన్‌డ్రైవ్‌ని మావారి లాప్‌టాప్‌లో పెట్టి మొదటి ఫైలు తెరిస్తే, అమ్మ పాట అక్షరం పొల్లుపోకుండా ఉంది. అప్పుడు లేచి పొయ్యి వెలిగించాను. పన్నెండైంది, ఎవరికీ టిఫిన్ లేదు.

మధ్యాహ్నం అసలు విచారణ మొదలైంది. ఈ మెషీన్ ఏ రోజు ఏం వేసిందో, ఏం తీసేసిందో వరసగా రాసి పెట్టుకుంటుంది. ఆ చిట్టా తెరిపించాడు. ఆ రోజు తారీకు కింద 'రిమూవ్' అనే మాట, దాని తర్వాత తెర నిండా పేర్లు. డెస్క్‌టాప్ మొత్తం ఆ జాబితాలో ఉంది.

"ఇదంతా తీసేస్తానని ముందే అడిగిందమ్మా. చదవకుండా ఎంటర్ ఎలా కొట్టావ్?"

"నువ్వే కదరా రాసిచ్చావ్!"

నిజమే. ఫ్రిజ్ మీద వాడు అంటించి వెళ్లిన కాగితం ఇంకా ఉంది. వారానికోసారి ఆప్ట్ అప్‌డేట్, తర్వాత ఆప్ట్ ఫుల్ అప్‌గ్రేడ్, "అడిగితే ఎంటర్ కొట్టు". చదివి వినిపించాను. అటునుంచి కాసేపు మాట లేదు. "తప్పు నాదేనమ్మా. అలా రాయకూడదు" అన్నాడు. వాడి నోట ఆ మాట విని ఎన్నాళ్లయిందో!

అప్పుడు ఓపిగ్గా చెప్పాడు. కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయట. పాతరకం 32 బిట్ల లెక్కలో ఆ అంకె 2038 జనవరి 19న నిండిపోతుంది. ఆ రోజు వచ్చేలోపే లెక్క పెట్టే గిన్నె పెద్దది చెయ్యాలని డెబియన్ వాళ్లు ఆ నెలల్లోనే పని పెట్టుకున్నారు. వందలకొద్దీ భాగాలకి పేర్ల చివర టీ64 అని తగిలించి, ఒక్కొక్కటే సిడ్‌లోకి వదులుతున్నారు. పాత పేరుదీ కొత్త పేరుదీ ఒకేచోట ఇమడవు. నా డెస్క్‌టాప్‌లో కొన్ని ముక్కలకి కొత్తవి ఇంకా రాలేదు. ఫుల్ అప్‌గ్రేడ్‌కి అవసరమైతే ఉన్నవాటిని తీసేసే అధికారం ఉంది, అందుకే తీసేసింది. ఉత్త అప్‌గ్రేడ్ అయితే ఉన్నదాన్ని తియ్యదు. ఒక్క మాట తేడా.

ఇంకో సంగతి కూడా చూపించాడు. అది "కొనసాగించనా?" అని అడిగేటప్పుడు పక్కన పెద్ద 'వై', చిన్న 'ఎన్' ఉంటాయి. పెద్దది ఏదైతే అదే మన జవాబు అనుకుంటుంది. ఏమీ రాయకుండా ఎంటర్ కొట్టినా సరే అన్నట్టే. కాదు అనాలంటే మాత్రం మనం పనిగట్టుకుని 'ఎన్' కొట్టాలి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో "ఇక్కడ సంతకం పెట్టు" అంటే పెట్టాను. బ్యాంకు కాగితాలు, ఇంటి లోను, ఇన్సూరెన్సు. ఏదీ చదవలేదు. మావారు మోసం చేశారని కాదు, ఆయన అలాంటి మనిషి కాదు. నేనే చదవలేదు. ఛందస్సులో గణాలు విడదీసి చదివినదాన్ని, వ్యాకరణంలో ఒక్క పొల్లు వదలనిదాన్ని, నా ఇంటి కాగితం దగ్గరికొచ్చేసరికి ఎంటర్ కొట్టేస్తూ వచ్చాను.

పది రోజులు ఆగమన్నాడు మావాడు. ఆగాను. రోజూ పొద్దున ఆ నల్ల తెర మీదే, డెస్క్‌టాప్ వేస్తే ఏమవుతుందో అడిగేదాన్ని. కుదరదనేది, నేను 'ఎన్' కొట్టేదాన్ని. తొమ్మిదో రోజు తీసేసేవి సున్నా అని చూపించింది. మొత్తం జాబితా చదివి అప్పుడు ఎంటర్ కొట్టాను. బొమ్మలన్నీ తిరిగొచ్చాయి.

ఆ నెలాఖరునే ఇంకో సంగతి బయటపడింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో ఎవరో దొంగదారి పెట్టి, అది సిడ్‌లోకి కూడా వచ్చేసింది. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. తన సిడ్ మెషీన్‌లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోంది, ఎందుకని వెంటపడి వెతికితే మార్చి 29న గుట్టు బయటికొచ్చింది. అర సెకనే కదా అనుకుని వదిలేసి ఉంటే స్టేబుల్ వాళ్లకీ ఏదో ఒకనాడు చేరేది. విరిగేవి ముందు సిడ్‌లో విరగడం అందరికీ మంచిదే అనిపించింది.

మీలో ఎవరైనా పాత లాప్‌టాప్‌లో వేసుకుంటే స్టేబుల్ వేసుకోండి. ముందు కాపీ తీసుకోండి, ఒకటి కాదు రెండు. అమ్మ పాటలు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోనూ, మా చెల్లి దగ్గరా కూడా ఉన్నాయి. నేను మాత్రం సిడ్‌తోనే ఉన్నాను. వారానికోసారి ఏం వేస్తుందో, ఏం తీస్తుందో కూర్చుని చదువుతాను. ఫ్రిజ్ మీద కాగితం మార్చాను. "అడిగితే చదువు" అని నా చేత్తో రాసి అంటించాను.

మొన్న మావారు ఏదో ఫారం తెచ్చి, పెన్ను మూత తీసి నా చేతికిచ్చారు. "ఇక్కడా, ఇక్కడా సంతకం పెట్టు."

"ఉండండి, చదువుతాను" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. నాలుగు పేజీలు. చదవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒకచోట నా పుట్టినరోజు తప్పుంది.

మీరు ఆఖరిసారి చదివి సంతకం పెట్టిన కాగితం ఏది?