ఊళ్ళో ఏ వైపు?

ఎమ్మెస్సీ లెక్కలు పాసై ఒక ప్రైవేటు కాలేజీకి ఇంటర్వ్యూకి పోయాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. మిరపకోత కూలి డబ్బులతో అమ్మ చొక్కా కుట్టించింది. పొద్దున తొమ్మిదింటికి రమ్మని మధ్యాన్నం మూడింటికి పిలిచారు. లెక్క ఒక్కటీ అడగలేదు. ఇంటిపేరేంటన్నారు. మీ నాన్నేం చేస్తాడన్నారు. ఊరి పేరు చెబితే, "ఊళ్ళో ఏ వైపు?" అన్నారు. చెరువు అవతల అన్నాను. వాళ్ళకు కావలసిన జవాబు దొరికింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇది నా ఒక్కడి గోడు కాదు. శ్రీనగర్‌లో ఒక ఇంజనీరింగు కాలేజీ సీట్ల గురించి 1980లో సుప్రీంకోర్టు తేల్చిన అజయ్ హాసియా కేసు ఇలాంటిదే. రాతపరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకి 50. రెండు మూడు నిమిషాలు కూచోబెట్టి, తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటారు అని అడిగి పంపారని పిల్లలు మొత్తుకున్నారు. ఇంటర్వ్యూకి 15 శాతం మించి మార్కులు పెట్టటం అన్యాయమంది కోర్టు.

నాకు ఉద్యోగమిచ్చింది 2018 డిఎస్సీ. అందులో ఇంటర్వ్యూ లేదు. నా మొహం చూసినవాడు లేడు గనకే వచ్చిందని ఇప్పటికీ అంటాను.

పోయినేడు ఒక హాస్టలు బడిలో గెస్టు టీచరు పోస్టుకి ఇంటర్వ్యూ చేసే ముగ్గురిలో నన్నూ వేశారు. బల్లకి ఇటువైపు కూచోటం అదే మొదలు. ముందే పట్టుబట్టాను. అందరికీ అవే నాలుగు ప్రశ్నలు. ఇంటి సంగతులు అడగొద్దు. మనలో మనం మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వాళ్ళు వెయ్యాలి, తగ్గిస్తే ఎందుకో రాయాలి. "ఇంత చాదస్తమా మాస్టారూ" అన్నాడొకాయన. చాదస్తమే మరి.

ఒకమ్మాయి వచ్చింది. నోరు పెగల్లేదు. మంచినీళ్ళిచ్చాం. తాగి, గ్లాసు కడిగి బోర్లించటానికి లేచింది. "అక్కడే పెట్టమ్మా" అన్నాను గానీ నా గొంతూ సరిగా రాలేదు. హోటలు బయట నిలబడి మా నాయన టీ గ్లాసు కడగటం చూసినవాణ్ణి.

చాక్‌పీసు చేతికిచ్చి భిన్నాలు చెప్పమన్నాం. వణుకు పోయింది. బోర్డు మీద రెండు రొట్టెలు గీసి ముగ్గురు పిల్లలకి పంచింది. మూడింట రెండంటే ఏంటో ఎనిమిదేళ్ళ పిల్లకైనా ఎక్కుతుంది.

ఇక నా తప్పు చెప్పాలి. పదికి ఆరేశాను. ఎందుకో రాయబోతే చెయ్యి ఆగింది. ఆమె "సూడండి", "సెప్తాను" అంది, అంతే. అది మా అమ్మ మాట. అన్నేళ్ళు చదివితే నాలోకి ఎవరు దూరారో! కొట్టేసి తొమ్మిదేశాను.

అయినా ఆమెకి రెండో స్థానమే వచ్చింది. ఉన్నది ఒక్క పోస్టు. సాయంత్రం ఫోన్ చేసి ఏ ప్రశ్నకి ఎక్కడ తగ్గాయో చెప్పాను. అంతా విని, "మళ్ళీ ఎప్పుడేస్తారు సార్?" అంది.