లంబసింగిలో రెండు రాత్రులు

1974లో వచ్చిన కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' చాలాభాగం చింతపల్లి అడవుల్లోనే తీశారు. ఆ మండలంలోదే లంబసింగి. ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు; డిసెంబరు, జనవరి నెలల్లో చలి ఒక్కోసారి సున్నా దాకా దిగుతుంది. దీనికే 'కొర్రబయలు' అని ఇంకో పేరు. రాత్రి ఆరుబయట పడుకుంటే కర్రలా బిగుసుకుపోతారని అర్థమట!

ఆ మాట లెక్కచెయ్యక గుడారం, రెండు దళసరి రగ్గులతో బయల్దేరాను. రెండూ కప్పుకున్నా అర్ధరాత్రికి పళ్లు టకటకలాడాయి. చలి పైనుంచి కాదండీ, నేలలోంచి! పొద్దున్నే టీకొట్టు ముసలమ్మ నవ్వేసింది: "కింద ఏటీ ఎయ్యకుండా పైన కప్పితే ఏటి లాభం బాబూ?"

రెండో రాత్రి ఆవిడిచ్చిన ఎండుగడ్డి పరిచి, పైన ఒక రగ్గు వేశాను. కప్పుకున్నది ఒక్కటే అయినా హాయిగా నిద్రపట్టింది.

మీరు వెళ్తే ముందు కిందికి మంచి ఫోమ్ చాప కొనండి, తర్వాతే గుడారం. మంకీ క్యాప్ మరిచిపోకండేం!