మృగమండలంలోని సూతికాగృహం

కోనసీమలో అర్చకుడు ప్రతిదినం సంకల్పంలో నక్షత్రనామాన్ని ఉచ్చరిస్తాడు. ఆ నక్షత్రాన్ని తలయెత్తి చూడడం మాత్రం అరుదు. పంచాంగం చేతిలో ఉండగా ఆకాశంతో పనేమున్నది!

కనుమనాడు ఆ అవకాశం దానంతట అదే వస్తుంది. జగ్గన్నతోటలో సమావేశమైన ఏకాదశ రుద్రుల ప్రభలు స్వగ్రామాలకు మరలి, చీకటి పడేసరికి, కొబ్బరితలలకు పైగా తూర్పున మృగమండలం నిలిచి ఉంటుంది. వరుసగా మూడు ఉజ్జ్వల తారలు. ఐతరేయ బ్రాహ్మణంలో, మృగరూపుడైన ప్రజాపతిని వేధించిన త్రికాండేషువు ఇదేనని పెద్దల అన్వయం. వాటికి దక్షిణంగా మందకాంతితో మరొక చిన్న వరుస ఉన్నది. వెన్నెల లేని రాత్రి దాని నడిమి చుక్క మసకగా, తడి అంటిన విభూతి వలె కనిపిస్తుంది. అది చుక్క కాదు, ఓరియన్ నీహారిక.

దాని దూరం సుమారు 1,350 కాంతి సంవత్సరాలు. వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుతున్న కాలంలో బయలుదేరిన కాంతి నేడు కంటికి చేరుతున్నదన్నమాట. ఆ వాయుధూళి మేఘం తన భారానికి తానే కుంచించుకొని, గర్భంలో వేడెక్కి, తారలను ప్రసవిస్తున్నది. నడుమనున్న ట్రపీజియం అనే తారాగుచ్ఛం వయస్సు పది లక్షల సంవత్సరాలకు అటూ ఇటూ. 460 కోట్ల ఏళ్ల సూర్యుని యెదుట అవి పురిటిబిడ్డలు.

ప్రజాపతి రేతస్సు సరస్సై, అగ్ని దానిని చుట్టుకొనగా ఆదిత్యుడు ఉద్భవించెనని అదే బ్రాహ్మణం చెబుతుంది. ఇది చదివి, నీహారిక మనవారికి ముందే తెలుసునని సభలలో ఘోషించడం సులభం. కాని అది ఋషులకు గౌరవం కాదు. ఆ ఆఖ్యాయిక ఆగ్నిమారుత శస్త్ర సందర్భంలోనిది, మీమాంసకునికి అర్థవాదం. అందులో ఈ మసకను గూర్చిన మాటే లేదు. లేని మాటను వేదం నోట పలికించడం కంటె అపచారం మరొకటి ఉన్నదా?

చూడవలసినది వేరొకటి. ఆ గుచ్ఛంలో జ్యేష్ఠతార సూర్యునికి ముప్పైరెట్లకు పైబడిన ద్రవ్యరాశి గలది. నీహారిక వెలుగుకు ప్రధానకారణం దాని అతినీలలోహిత కిరణాలే. సమీపంలోని చిన్న తారల చుట్టూ, గ్రహాలు ఏర్పడదగిన ధూళిచక్రాలను హబుల్ దూరదర్శిని 1990వ దశకంలో చూపింది. ఆ చక్రాలను క్రమంగా కరిగించివేస్తున్నవీ ఆ కిరణాలే. రుద్రునికి ఘోరతనువు, శివతనువు అని రెండు చెప్పిన సంప్రదాయంలో పెరిగినవానికి ఈ దృశ్యం అపరిచితంగా తోచదు. అయితే ఇది సాదృశ్యం మాత్రమే, ప్రమాణం కాదు.

మాఘ అమావాస్య సాయంకాలం, తీర్థజనం వెళ్ళిపోయిన అంతర్వేది తీరాన, అది దక్షిణాకాశంలో ఎత్తుగా ఉంటుంది. సామాన్యమైన బైనాక్యులర్స్ చాలును.