హెట్టీతో బ్రైటన్ దాకా

లండన్ నుంచి బ్రైటన్‌కి రైలెక్కితే గంట ప్రయాణం. నేను ఆ దూరాన్ని 1903 నాటి ఫ్రెంచి కారులో వెళ్లాను. ముందు అద్దం లేదు, పైకప్పు లేదు. నవంబరు చలికి చెవులు కొయ్యబారిపోయాయి. పొద్దు పొడుస్తుండగా బయల్దేరినవాళ్లం మధ్యాహ్నం బాగా దాటాక సముద్రాన్ని చూశాం. కారు డి డియాన్-బూటాన్ కంపెనీది, ఒకే సిలిండరు. దాని యజమానులు, డెబ్బై దాటిన దంపతులు, దాన్ని హెట్టీ అంటారు. వాళ్లు నన్ను ఎక్కించుకుంటామన్నప్పుడు ఎగిరి గంతేశాను. పాత కార్లంటే చిన్నప్పటినుంచీ నాకు ప్రాణం. వాటికి పేర్లు పెట్టేవాళ్ల పక్కన కూర్చుని ఆ సంగతేమిటో తెలుసుకోవాలని ఎప్పటినుంచో ఉంది.

ఏటా నవంబరు మొదటి ఆదివారం జరిగే ఈ లండన్-బ్రైటన్ ప్రయాణంలో 1905కు ముందు తయారైన వాహనాలకే చోటు. ఇది పందెం కాదు. సగటు వేగం గంటకు 20 మైళ్లు మించకూడదు. సాయంత్రం నాలుగున్నర లోపు చేరినవాళ్లందరికీ ఒకే పతకం. దీని మూలం 1896 నవంబరు 14లో ఉంది. అంతవరకూ ఇంగ్లండులో మోటారు బండి ఊరి బయట గంటకు 4 మైళ్లు, ఊళ్లో 2 మైళ్లు దాటకూడదు, బండికి ముందు ఒక మనిషి నడవాలి. ఆ రోజు అమల్లోకి వచ్చిన చట్టం వేగాన్ని 14 మైళ్లకు పెంచింది. ఆ సంబరంలో కొందరు కార్లేసుకుని బ్రైటన్ దారి పట్టారు. 1927లో ఆ ప్రయాణాన్ని మళ్లీ నడిపారు. యుద్ధంలాంటి అడ్డంకులు వచ్చిన ఏళ్లు తప్పిస్తే అప్పటినుంచీ సాగుతోంది. బయల్దేరేముందు ఒక ఎర్రజెండాను చింపుతారు. నిజానికి బండి ముందు నడిచే మనిషి ఎర్రజెండా పట్టుకోవాలన్న నియమం 1878లోనే పోయింది. అది తెలిసి కూడా ఆ గుడ్డ చిరిగిన చప్పుడుకి నాకు ఒళ్లు జలదరించింది.

ముందురోజు శనివారం పాల్ మాల్ వీధిలో కొన్ని కార్లను జనం చూడ్డానికి నిలబెట్టారు. నేను పేర్లు వెతుక్కుంటూ తిరిగాను. ఒకాయన కారుకు తళతళలాడే కొత్త ఇత్తడి ఫలకం ఉంది, దాని మీద అందంగా చెక్కిన పేరుంది. కానీ నాతో మాట్లాడినంతసేపూ ఆయన ‘కారు’ అనే అన్నాడు, ఫలకం మీది పేరు ఒక్కసారీ నోట రాలేదు. ఆ పక్కనే ఉన్న ఒకావిడ బండి మీద ఎక్కడా ఏమీ రాసి లేదు. ఆవిడ మాత్రం పేరు లేకుండా వాక్యం పూర్తి చెయ్యలేదు. “అగాథాకి ఈ గాలి పడదు”, “అగాథా నిన్న రాత్రి బాగానే పలికింది”. ఇంట్లో పెద్దావిడ ఆరోగ్యం గురించి చెబుతున్నట్టే ఉంది. కొన్న రోజున పెట్టిన పేరుకీ, కొన్నేళ్లు కలిసి తిరిగాక నిలిచిన పేరుకీ తేడా నాకు అక్కడే తెలిసింది.

ఇదంతా సినిమా నేర్పిన సరదా అనేవాళ్లున్నారు. 1953లో హెన్రీ కార్నీలియస్ తీసిన ‘జెనెవీవ్’ అంతటి ముద్ర వేసిన మాట నిజమే. ఇద్దరు మిత్రులు ఈ బ్రైటన్ ప్రయాణానికి వచ్చి, తిరుగుదారిలో పందెం వేసుకుంటారు. అందులో ఒకరి డరాక్ కారు పేరే జెనెవీవ్. ఆ డరాక్ ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో లౌమన్ మ్యూజియంలో ఉంది. మా దారి పొడుగునా ఇత్తడి లాంతర్లున్న బండి ఏది కనిపించినా ముసలివాళ్లు “జెనెవీవ్!” అని కేకేస్తూనే ఉన్నారు. అయితే సినిమాకి యాభై ఏళ్ల ముందే, బొంబాయిలో పుట్టిన రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ తన లాంచెస్టర్ కారుని అమీలియా అని పిలిచేవాడు. ఆ తరవాత కొన్న రోల్స్ రాయిస్ ఒకటి ఆయనకు డచెస్ అయింది. అప్పటికి ఇంగ్లండులో ఓడలకూ గుర్రాలకూ రైలింజన్లకూ పేర్లుండడం మామూలు విషయం. కార్లకు నంబరు పలక తప్పనిసరి అయింది మాత్రం 1904 జనవరి 1న. అంటే హెట్టీ కర్మాగారం నుంచి వచ్చిన ఏడాది అక్కడ పలక అక్కర్లేదు.

ఆదివారం చీకటితో హైడ్ పార్కు చేరాను. మంచుకి తడిసిన గడ్డి మీద వందల బండ్లు, కాలిన నూనె వాసన, ఆవిరి కార్ల బాయిలర్ల నుంచి లేస్తున్న తెల్లటి పొగ. పెద్దాయన హెట్టీని లేపే పనిలో ఉన్నాడు. ముందు చేతిపంపుతో ఇంజనుకి కాస్త నూనె. తరవాత స్పార్కు లీవరు వెనక్కి. అది మరిచిపోయి హ్యాండిలు తిప్పితే ఎదురు తన్ని మణికట్టు విరుగుతుంది. ఆవిడ ఫ్లాస్కులోని వేడినీళ్లతో గుడ్డ తడిపి కార్బురెట్టరు చుట్టూ చుట్టింది. హ్యాండిలు రెండు తిప్పులు, ఏమీ లేదు. “ఇంకా వేడెక్కలేదు, ఆగండి” అంది ఆవిడ. ఆయన ఆగాడు. మూడో తిప్పుకి బండి మొత్తం ఒక్కసారి ఎగిరిపడి టక్, టక్, టక్ అంటూ పలికింది. కూర్చుంటే ఒక్కో పేలుడూ వెన్నులో తెలుస్తుంది.

ఆ కారు నడపడం మనకు తెలిసిన డ్రైవింగు కాదు. క్లచ్ పెడల్ లేదు. స్టీరింగు కింద ఉన్న పిడిని ఒకవైపు తిప్పితే మొదటి గేరు, మరోవైపు తిప్పితే రెండోది. అంతకుమించి గేర్లు లేవు. కాలికింది పెడల్ నొక్కితే వేగం పెరగదు, తగ్గుతుంది. బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందునుంచి, పార్లమెంటు పక్కనుంచి, థేమ్స్ దాటి బ్రిక్స్‌టన్ వైపు సాగినంతసేపూ ఆయన ఎడమచెయ్యి ఒక్క క్షణం ఊరుకోలేదు. చదునుగా కనిపించే రోడ్డులో ఎక్కడ చిన్న ఎత్తు ఉందో మాకు కనిపించకముందే ఆయన చెయ్యి స్పార్కు లీవరు మీదికి పోయేది. ఆవిడ పక్కనుంచి “నూనె” అనేది, ఆయన పంపు కొట్టేవాడు. ఇద్దరి మధ్యా మాటలంటే అవే.

దారిలో ఒకచోట మా పక్కనే ఒక రోల్స్ రాయిస్ ఆగింది. ఈ ప్రయాణంలోది కాదు, చూడ్డానికొచ్చిన వాళ్లది. దాన్ని చూడగానే నాకు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్ గుర్తొచ్చింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ చేయించమన్న కారు అది. అది చేతికి రాకముందే 1911లో ఆయన కన్నుమూశాడు. ఆ తరవాత అది తిరిగిన దూరం చాలా తక్కువ. అందరూ దాన్ని ‘సింహాసనం కారు’ అంటారు. అది హోదా. పేరు కాదు. ఆ రకం కార్లకు స్థిరపడిన ‘సిల్వర్ ఘోస్ట్’ అన్న మాట కూడా నిజానికి ఇంకొక కారుది. 1907లో వెండిరంగు వేసిన ఒకే ఒక బండికి కంపెనీ పెట్టుకున్న పేరది. లండన్, గ్లాస్గోల మధ్య తిరిగి తిరిగి, దారిలో ఎక్కడా మొరాయించకుండా 14,371 మైళ్లు నడిచి ఆ బండి పేరు తెచ్చుకుంది. దాని తమ్ముళ్లందరికీ ఆ పేరు వచ్చింది. రోడ్డు మీద చెమటోడ్చిన కారుకే పేరు దక్కుతుందని నా నమ్మకం. హైదరాబాదు కారుని చూసినప్పుడల్లా దానికి ఆ అదృష్టం లేకపోయిందే అని బాధపడతాను.

క్రాలీ ఊళ్లో కాఫీకి ఆగాం. అక్కడ ఆవిడ సీటు కింది పెట్టెలోంచి గుడ్డ అట్ట వేసిన లావుపాటి పుస్తకం తీసింది. హెట్టీ పుస్తకం. నాలుగు చేతిరాతలున్నాయి. చివరిది వీళ్లది, ముందువి అంతకుముందు యజమానులవి. మొదటి పేజీలోనే ‘హెట్టీ’ అని ఉంది. ఆ హెట్టీ ఎవరో, ఎవరి కూతురో, ఎవరి దాదో వీళ్లకు తెలీదు. కొన్నప్పుడు అమ్మినాయన ఒక్కటే అడిగాడట, పేరు మార్చకండి అని.

నేను ఆ పుస్తకాన్ని కాఫీ చల్లారేదాకా చదివాను. ‘హెట్టీకి ఆయిలు ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది, తక్కువైతే గట్టిగా అరుస్తుంది, అరుపు మొదలవకముందే పొయ్యండి.’ ‘రెండో గేరు వేసేటప్పుడు మూడు లెక్కపెట్టండి, తొందరపడితే హెట్టీ మొండికేస్తుంది.’ ‘చలిరోజుల్లో వేడిగుడ్డ.’ పొద్దున ఆవిడ చేసిన పని ఎప్పుడో తనకు తెలియని మనిషి రాసిపెట్టిన పాఠం అన్నమాట. కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున డి డియాన్ కార్లన్నీ ఒక్కటే అయి ఉండవచ్చు. నూట ఇరవై ఏళ్లలో ఒకదానికి పిస్టను మార్చారు, ఒకదానికి పైపు అతికారు, ఒకదాని గేరు అరిగింది. ఇప్పుడు ఏదీ ఇంకోదానిలా నడవదు. కంపెనీ ఇచ్చిన పుస్తకం అన్ని కార్లకూ కలిపి రాసింది. ఈ పుస్తకం ఒక్కదాని గురించే. పేరు లేకుండా దీన్ని రాయడం ఎలా కుదురుతుంది?

మా కృష్ణా జిల్లా పల్లెలో ఎడ్లకు పేర్లుండేవి. సంతలో కొన్న రైతు మొట్టమొదట అడిగే ప్రశ్న, “దీన్నేమని పిలుస్తారు?” అని. రంగడు అంటే ఇంటికొచ్చాక కూడా రంగడే. కొత్త పేరు పెట్టుకుంటే ఎద్దు తలెత్తి చూడదు. ఆ మాట ఆవిడకు చెప్పాను. “మాది కూడా అంతే” అంది పుస్తకం మూస్తూ.

పెద్దాయన అప్పుడు బాబ్స్ కథ ఎత్తుకున్నాడు. వేల్స్‌లోని పెండైన్ తీరానికి వెళ్లి ఆ కారుని చూసొచ్చాడాయన. కౌంట్ లూయీ జ్బొరోవ్స్కీ కట్టించిన 27 లీటర్ల విమానం ఇంజను కారు అది. అప్పుడు దాన్ని కౌంట్ ఎస్టేటు పేరు మీద ‘హైయమ్ స్పెషల్’ అన్నారు. ఆయన 1924లో రేసులో చనిపోయాక పారీ థామస్ అనే ఇంజనీరు దాన్ని కొని, తిరగగట్టి, బాబ్స్ అన్నాడు. 1926లో పెండైన్ ఇసుక మీద గంటకు 171 మైళ్ల వేగంతో ప్రపంచ రికార్డు. మరుసటి ఏడాది మార్చి 3న అదే ఇసుక మీద, అదే కారులో థామస్ ప్రాణం పోయింది. కారుని అక్కడే ఇసుకలో పూడ్చేశారు. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అనే ఇంజనీరింగు అధ్యాపకుడు దాన్ని తవ్వించి, ఏళ్లతరబడి బాగుచేసి మళ్లీ నడిపించాడు. నలభై రెండేళ్లు భూమిలో ఉండి వచ్చినా అది బాబ్స్‌గానే వచ్చింది. డబ్బున్న దొర పెట్టిన ఎస్టేటు పేరు మీద ఎవరికీ ధ్యాస లేదు. ఆ యంత్రాన్ని విప్పి, బిగించి, దాని మీద ప్రాణం పెట్టినవాడు పిలిచిన పేరే మిగిలింది. ఇది చెబుతుంటే పెద్దాయన గొంతు జీరపోయింది.

క్రాలీ తరవాత పల్లెదారి. రాలిన ఆకుల మధ్య మలుపులు, గుమ్మాల ముందు కుర్చీలు వేసుకుని చేతులూపే కుటుంబాలు. ఈ దారిలో అందరూ భయపడేది క్లేటన్ కొండకి. ఎత్తు మొదలవగానే టక్ టక్‌ల మధ్య ఎడం పెరిగింది. ఆయన మొదటి గేరు వేశాడు. చాల్లేదు. నేను దిగిపోయాను, ఆవిడా దిగింది. బరువు తగ్గాక హెట్టీ మా నడకతో సమానంగా పాకింది. ఒక దశలో ఇక ఆగిపోతుందనిపించి వెనకనుంచి చెయ్యి వేశాను. “అక్కర్లేదు, దాని టైము దానికివ్వండి” అన్నాడాయన. స్పార్కు లీవరుని వెంట్రుకవాసి వెనక్కి జరిపాడు. ఆవిడ రొప్పుతూనే “రా హెట్టీ, రా” అంది. కొండ మీదికి చేరాక ఇద్దరం పరుగెత్తి ఎక్కాం. నేనూ “రా హెట్టీ” అన్నానని తరవాత గుర్తొచ్చింది. నాలుగు గంటల కిందట నాకది డి డియాన్ కారు.

మదీరా డ్రైవ్‌లో గడువుకి చాలాముందే చేరాం. పతకాన్ని ఆవిడ పుస్తకంతోబాటు పెట్టెలో పెట్టింది.

సముద్రం పక్కన వేడి వేడి చేపా బంగాళాదుంపలు తింటూ అసలు విషయం చెప్పారు. ఆయన మణికట్టు ఇక హ్యాండిలుకి సహకరించడం లేదు. హెట్టీని ఇచ్చేయాలి. ఒక సేకరణదారు మంచి ధర చెప్పాడట. కారుకు రంగు మార్చి తన మనవరాలి పేరు పెడతానన్నాడు. ఆవిడ ఫోను పెట్టేసింది. వాళ్ల గ్యారేజీలో పని నేర్చుకుంటున్న ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒకతి ఉంది. ఈ ప్రయాణంలో మా వెనకాల సామాన్ల వ్యాను నడిపింది ఆమే. ధర సగానికి తగ్గించి ఆమెకి ఇస్తున్నారు, వాయిదాల మీద. పుస్తకంలో ఐదో చేతిరాత కిందటి వేసవిలోనే మొదలైంది. నేను గమనించలేదు.

ఆ అమ్మాయి ర్యాంపు దించి వచ్చింది. పెద్దాయన బండిని ఎక్కించబోతే అడ్డుపడింది.

“ఉండండి, వేడి మీద ఉండగానే హెట్టీ ఆయిలు తీసెయ్యాలి. చల్లారితే అడుగున మడ్డి ఉండిపోతుంది.”

ఆయన ఎదురుచెప్పకుండా ఖాళీ డబ్బా తెచ్చిచ్చి పక్కకు జరిగాడు. ఆమె కారు కింద పడుకుంది.